వార్‌క్రాఫ్ట్ 3లో ఏ ఫ్యాక్షన్ తీసుకోవాలి, ముందు ఏ హీరోని దింపాలి?

మా పిన్ని కొడుకు గుంటూరులో బీటెక్ సెకండ్ ఇయర్. మొన్న సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు "అన్నా, ఫోన్‌లో బ్యాటిల్ రాయల్ ఆడి ఆడి బోర్ కొట్టేసింది. లాప్‌టాప్‌లో మంచి స్ట్రాటజీ గేమ్ ఏదైనా చెప్పు" అన్నాడు. వాడిది గేమింగ్ లాప్‌టాప్ కాదు, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ కూడా లేదు. నేను వార్‌క్రాఫ్ట్ 3 చెప్పాను. ఇంకా డౌన్‌లోడ్ అవుతుండగానే "ఇందులో ఎవరు స్ట్రాంగ్?" అని అడిగాడు. నేను టీ తాగుతూ పెద్దగా ఆలోచించకుండా "ఆర్క్ తీసుకో, బ్లేడ్‌మాస్టర్‌ని దింపు, ఇక చూస్కో" అనేశాను.

రెండు రోజుల్లో వరసగా 11 మ్యాచ్‌లు ఓడిపోయాడు. మూడో రోజు గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసేసి "నాకు ఇలాంటివి రావులే అన్నా" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. గేమ్ తీసేసినా రీప్లే ఫైళ్లు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో అలాగే ఉన్నాయి. వాటిని నా సిస్టమ్‌లోకి కాపీ చేసుకుని ఒక రాత్రంతా కూర్చుని చూశాను. వాడు మరీ ఘోరంగా ఏమీ ఆడలేదు. బేస్ కట్టడం బాగానే ఉంది, సైన్యం కూడా టైమ్‌కి వస్తోంది. తేడా కొట్టింది నేను చెప్పిన హీరో దగ్గర. ఫ్యాక్షన్ వాడి చేతికి సరిపోయింది, హీరో సరిపోలేదు. ఈ రెండూ వేర్వేరు నిర్ణయాలని నేను వాడికి చెప్పనే లేదు. అప్పుడు చెప్పాల్సినదంతా ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవాళ్లకి రెండు ముక్కలు

వార్‌క్రాఫ్ట్ 3 బ్లిజార్డ్ వాళ్ల గేమ్, 2002 జూలైలో వచ్చింది. ఏడాది తర్వాత 2003లో ఫ్రోజెన్ థ్రోన్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. మల్టీప్లేయర్‌లో ఇప్పటికీ అందరూ ఆడేది దాని రూల్స్‌తోనే. 2020 జనవరిలో రీఫోర్జ్‌డ్ పేరుతో కొత్త గ్రాఫిక్స్ వెర్షన్ దించారు, అప్పట్లో అది బాగా తిట్లు తిన్నది, అడిగినవాళ్లకి రిఫండ్ కూడా ఇచ్చారు. 2024 నవంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్ తర్వాత పరిస్థితి మెరుగైంది. సెట్టింగ్స్‌లో పాత గ్రాఫిక్స్ పెట్టుకుంటే మామూలు లాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది. మొబైల్ వెర్షన్ లేదు, టచ్‌ప్యాడ్‌తో అసలు ఆడలేం. మౌస్ తప్పనిసరి, ఖరీదైనదే అక్కర్లేదు.

మీరు ఈ గేమ్ ఆడకపోయినా దీని పిల్లల్ని ఆడి ఉంటారు. డోటా మొదట పుట్టింది ఈ గేమ్‌లో ఉన్న మ్యాప్ ఎడిటర్‌లోనే. ఇంజినీరింగ్ హాస్టల్లో ల్యాన్ కేబుల్స్ లాగి రాత్రంతా డోటా ఆడిన సీనియర్లు ఎవరైనా ఉంటే అడగండి, వాళ్ల సిస్టమ్‌లో ఉన్నది వార్‌క్రాఫ్టే. 2020 జూన్‌లో మన దగ్గర బ్యాన్ అయిన మొబైల్ లెజెండ్స్ కూడా ఆ వంశంలోదే. తేడా ఏంటంటే, డోటాలో మీ చేతిలో ఒక్క హీరో ఉంటాడు. ఇక్కడ బేస్, పనివాళ్లు, సైన్యం, గరిష్ఠంగా ముగ్గురు హీరోలు అన్నీ మీరే చూసుకోవాలి.

ఫ్యాక్షన్లు నాలుగు: హ్యూమన్, ఆర్క్, అన్‌డెడ్, నైట్ ఎల్ఫ్. గేమ్‌లో వీటిని రేస్‌లు అంటారు. ఒక్కోదానికి సొంత హీరోలు నలుగురు. వీళ్లు కాక మ్యాప్‌లో టావెర్న్ అనే బిల్డింగ్ ఉంటే అక్కడ ఎవరైనా కొనుక్కోగల న్యూట్రల్ హీరోలు 8 మంది.

ఫ్యాక్షన్‌ని పనివాళ్లని చూసి ఎంచుకోండి

అందరూ ఫ్యాక్షన్‌ని పెద్ద యూనిట్లు చూసి ఎంచుకుంటారు. డ్రాగన్ బాగుంది, పుర్రెలు బాగున్నాయి అని. నేనూ అంతే, అన్‌డెడ్ తీసుకోవడానికి నాకు మొదట్లో ఉన్న ఏకైక కారణం ఆ పుర్రెలే. కానీ ఆ పెద్ద యూనిట్లు కనిపించేది మ్యాచ్ చివర్లో, అదీ అక్కడిదాకా బతికితే. మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా మీ చేతికి పని పెట్టేది పనివాళ్లు. కాబట్టి చూడాల్సింది వాళ్లని.

ఆర్క్ పియోన్ బిల్డింగ్ కట్టేటప్పుడు దాని లోపలికి వెళ్లిపోతాడు, పని అయ్యాక బయటికి వస్తాడు. శత్రువు వచ్చి పనివాళ్ల మీద పడితే ఒక్క బటన్‌తో అందరూ బర్రోల్లో దూరిపోయి లోపల్నుంచే ఈటెలు విసురుతారు. ఒక్కో బర్రోలో నలుగురు పడతారు. అంటే మీరు సైన్యంతో ఎక్కడో ఉన్నప్పుడు ఇంట్లో దొంగ పడినా కాస్త టైమ్ దొరుకుతుంది. యూనిట్లు తక్కువ, కానీ ఒక్కొక్కడూ గట్టివాడు. కొత్తవాళ్లకి ఆర్క్ అని చెప్పడంలో నేను తప్పు చేయలేదు.

హ్యూమన్ పీజెంట్లు నలుగురైదుగురు కలిసి ఒకే బిల్డింగ్‌ని త్వరగా లేపగలరు. గంట కొడితే కొద్దిసేపు కత్తులు పట్టుకుని మిలీషియాగా మారి యుద్ధం చేస్తారు. ఆ మిలీషియాతో దగ్గర్లోని గోల్డ్ మైన్ కాపలా జంతువుల్ని కొట్టి, మ్యాచ్ మొదట్లోనే రెండో బేస్ వేసేయడం హ్యూమన్‌కి పేరు తెచ్చిన ఆట. వినడానికి బాగుంటుంది. కానీ పీజెంట్లని పిలవాలి, హీరోతో కొట్టాలి, వెనక్కి పంపాలి, ఈలోగా ఇంట్లో ఫామ్ కట్టాలి. వేళ్లు ఊరుకోని వాళ్లకే ఇది.

అన్‌డెడ్ అకోలైట్ బిల్డింగ్‌ని పిలిచేసి పక్కకి తప్పుకుంటాడు, అదే కట్టుకుంటుంది. ఒక్కడే వరసగా నాలుగు బిల్డింగులు మొదలుపెట్టగలడు. కలప తెచ్చేది గూల్, అదే యుద్ధానికీ వస్తుంది. ఈ రెండో విషయం కింద లెక్కల్లో చాలా పెద్దది అవుతుంది, గుర్తు పెట్టుకోండి. లోటు ఏంటంటే, అన్‌డెడ్ బిల్డింగులు దాదాపు అన్నీ బ్లైట్ అనే నల్లటి నేల మీదే కట్టాలి. దాని మీద ఉంటేనే యూనిట్ల గాయాలు వాటంతటవే మానతాయి.

నైట్ ఎల్ఫ్ విస్ప్ చెట్టుని నరక్కుండానే కలప తీస్తుంది. కానీ సైన్యాన్ని తయారుచేసే చెట్ల బిల్డింగులు, అంటే ఏన్షియంట్లు, కట్టినప్పుడు విస్ప్ అందులో కలిసిపోయి పోతుంది. ఆ బిల్డింగులు వేళ్లు పీక్కుని నడుచుకుంటూ వెళ్లి గుద్దులాడతాయి, మొదటిసారి చూసినప్పుడు నవ్వాగదు. గాయాలు మాన్పేది మూన్ వెల్, అదేమో రాత్రిపూటే నిండుతుంది. ఆర్చర్లు దెబ్బ బాగా వేస్తారు, ఒక్క దెబ్బ తింటే సగం అయిపోతారు. కొట్టి వెనక్కి తగ్గడం రానివాళ్లకి నైట్ ఎల్ఫ్ నరకం. కొరియా ప్లేయర్ మూన్ దీన్ని ఆడిన తీరు చూసి జనం ఆయన్ని ఐదో రేస్ అని పిలిచారు, అంటే మామూలు నైట్ ఎల్ఫ్ వేరు, ఆయన ఆడేది వేరు అని. వీడియో చూసి ఆనందించండి, కాపీ కొట్టే ప్రయత్నం మాత్రం మొదటి నెలలో వద్దు.

ఎవరికి ఏది అని నన్ను సూటిగా అడిగితే: రెండు చోట్ల ఒకేసారి చూడలేనివాళ్లు ఆర్క్ తీసుకోండి. బేస్ పని త్వరగా ముగించుకుని యుద్ధం మీదే దృష్టి పెట్టాలనుకుంటే అన్‌డెడ్. ఆస్తి పెంచుకోవడంలో సరదా ఉంటే హ్యూమన్. నైట్ ఎల్ఫ్ సంగతి చెప్పేశాను.

50 దగ్గర ఉన్న గోడ

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. ఈ గేమ్‌లో ఫుడ్ లిమిట్ 100. కానీ ఎవరూ ఊరికే 100కి పరిగెత్తరు. కారణం అప్‌కీప్. మీ ఫుడ్ 50 దాకా ఉంటే, పనివాడు మైన్ నుంచి తెచ్చిన 10 గోల్డూ మీకే. 51 నుంచి 80 మధ్యలో ఉంటే ఆ 10లో 7 మాత్రమే చేతికి వస్తుంది. 80 దాటితే 4. అంటే సైన్యం పెరిగేకొద్దీ జీతాల కింద ఆదాయం కోసేస్తారన్నమాట.

అందుకే చాలా మ్యాచ్‌ల్లో ఇద్దరూ 50 దగ్గర ఆగి, ఆ 50లోనే ఎవరి సైన్యం మెరుగు అని తేల్చుకుంటారు. ఆ 50ని ఇప్పుడు విడగొట్టి చూడండి. ఒక్కో హీరో తినేది 5 ఫుడ్. ముగ్గురికి 15. మైన్‌కి ఐదుగురు పనివాళ్లు కావాలి, కలపకి ఇంకో ఎనిమిది మంది అనుకుందాం, అది 13. మొత్తం 28 అక్కడే పోయింది. యుద్ధం చేసే సైన్యానికి మిగిలింది 22.

ఆ 22లో ఆర్క్ గ్రంట్లు, ఒక్కొక్కరు 3 చొప్పున, ఏడుగురే వస్తారు. హ్యూమన్ ఫుట్‌మెన్ 2 చొప్పున పదకొండు మంది. నైట్‌లైతే 4 చొప్పున ఐదుగురు. అన్‌డెడ్‌కి మాత్రం కలప తెచ్చే గూల్స్‌ని కూడా యుద్ధానికి లాగొచ్చు కాబట్టి మిగతావాళ్లకంటే ఆ 50లో ఎక్కువ భాగం కొట్లాటకి పనికొస్తుంది. పుర్రెల కోసం తీసుకున్న ఫ్యాక్షన్‌లో నేను ఉండిపోయింది ఈ ఒక్క కారణంతో.

ఏడుగురు గ్రంట్లు. అందులో ఒకడు పోతే ఏడో వంతు సైన్యం పోయినట్టు. కాబట్టి ఆర్క్‌కి కావాల్సింది ఇంకా గట్టిగా కొట్టేవాడు కాదు, ఉన్న ఏడుగురినీ చావకుండా చూసేవాడు. మొదటి దశలో ఆర్క్‌కి ఉన్న వైద్యం షాపులో కొనే హీలింగ్ సాల్వ్ మాత్రమే. అదీ మధ్యలో ఎవరైనా కొడితే ఆగిపోతుంది. ఇదే ఆర్క్ గోడలో ఉన్న కన్నం. మా తమ్ముడు ఆ కన్నాన్ని అలాగే వదిలేసి, పైన ఇంకో కత్తి తగిలించుకుని వెళ్లాడు. తగిలించింది నేనే.

హీరో చచ్చిపోతే నిజంగా పోయేది ఏంటి

రీప్లేల్లో నాకు కనిపించిన దృశ్యం దాదాపు అన్నిట్లో ఒకటే. ఎకో ఐల్స్ మ్యాప్. మూడో నిమిషం. వీడి బ్లేడ్‌మాస్టర్ ఒక్కడే శత్రువు బేస్‌లోకి వెళ్తాడు. విండ్ వాక్‌తో మాయమై ఇద్దరు పనివాళ్లని కొడతాడు. ఇంకొక్కడు, ఇంకొక్కడు అని ఆగుతాడు. మాయమవడానికి మానా ఉండదు. నలుగురు చుట్టూ నిలబడి దారి మూసేస్తారు. అయిపోయింది.

బ్లేడ్‌మాస్టర్ చెత్త హీరో అని నేను అనట్లేదు. మాయమై వచ్చి క్రిటికల్ స్ట్రైక్‌తో ఒక్క దెబ్బ వేసి, శత్రువు కష్టపడి కొట్టిన జంతువు దగ్గర పడిన ఐటమ్ ఎత్తుకుపోయే బ్లేడ్‌మాస్టర్‌తో ఆడటం అవతలివాడికి ఒళ్లు మండే అనుభవం. కానీ అతను పని చేయాలంటే మీ కళ్లు నిమిషం కూడా అతని మీద నుంచి తిప్పకూడదు. బేస్ చూసుకోవడం ఇంకా అలవాటు కాని వాడికి, బేస్ వదిలేయమని చెప్పే హీరోని ఇచ్చాను.

హీరో చనిపోతే ఆల్టర్‌లో గోల్డ్ కట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు, ఆ ఖర్చు అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది ఎక్స్‌పీరియన్స్. ఫ్రోజెన్ థ్రోన్ లెక్కల ప్రకారం లెవెల్ 2కి 200 పాయింట్లు కావాలి, లెవెల్ 3కి 500, 4కి 900, 5కి 1400, 6కి 2000. ఒక ఫుట్‌మన్‌ని చంపితే 40 వస్తాయి. లెవెల్ 1 హీరోని చంపితే 100, లెవెల్ 3 హీరోని చంపితే 160, లెవెల్ 5 అయితే 300. అంటే మీ లెవెల్ 3 బ్లేడ్‌మాస్టర్ ఒక్కసారి పోతే శత్రువుకి నలుగురు ఫుట్‌మెన్ ఊరికే దొరికినంత.

ఇంకో సంగతి. మ్యాప్‌లో ఉండే జంతువుల్ని, అంటే క్రీప్స్‌ని కొట్టి లెవెల్ పెంచుకోవడం లెవెల్ 5 దాకానే. ఆ తర్వాత క్రీప్స్ నుంచి సున్నా. అక్కడి నుంచి పాయింట్లు రావాలంటే శత్రువు సైన్యం నుంచే రావాలి. లెవెల్ 6 ఎందుకు ముఖ్యమంటే అల్టిమేట్ అప్పుడే తెరుచుకుంటుంది. మామూలు స్కిల్స్‌లో రెండో మెట్టు లెవెల్ 3లో, మూడో మెట్టు లెవెల్ 5లో. కాబట్టి నాకు ముఖ్యమైన అంకెలు 3, 5. చాలా మ్యాచ్‌లు 6 రాకుండానే తేలిపోతాయి, దాని గురించి కలలు కనొద్దు.

మొదటి హీరో, రెండో హీరో

మొదటి హీరో ఫ్రీ. రెండోవాడు రావాలంటే మెయిన్ బిల్డింగ్‌ని రెండో దశకి పెంచాలి, మూడోవాడికి మూడో దశ. దగ్గర్లో ఇద్దరు హీరోలు ఉంటే ఎక్స్‌పీరియన్స్ ఇద్దరికీ సమానంగా పంచుతుంది, ముగ్గురుంటే మూడు వాటాలు. అంటే మొదటి హీరో ఒంటరిగా మొత్తం తింటాడు, తర్వాత వచ్చినవాళ్లు మిగిలింది పంచుకుంటారు.

దీని నుంచి నేను పెట్టుకున్న రూల్ ఇది. లెవెల్ పెరిగేకొద్దీ విలువ బాగా పెరిగేవాడు మొదటి హీరో. లెవెల్ 1లోనే పనికొచ్చేవాడు రెండో హీరో. ఇద్దరిలో కనీసం ఒకడు మీ ఫ్యాక్షన్ కన్నం పూడ్చేవాడై ఉండాలి.

నా అన్‌డెడ్‌నే తీసుకోండి. మొదట డెత్ నైట్. అతని డెత్ కాయిల్ మన అన్‌డెడ్ యూనిట్‌కి లెవెల్ 1లో 200 ప్రాణం పోస్తుంది, రెండో మెట్టులో 400, మూడో మెట్టులో 600. అదే కాయిల్‌ని శత్రువు మీద వేస్తే అందులో సగం దెబ్బ, అంటే 100, 200, 300. బ్లైట్ నుంచి బయటికి రాగానే గాయాలు మానని ఫ్యాక్షన్‌కి నడిచే ఆసుపత్రి దొరికినట్టు. అన్‌హోలీ ఆరాతో అందరి నడకా పెరుగుతుంది, పారిపోవడానికీ వెంటపడటానికీ అదే. ఒక్క జాగ్రత్త, కాయిల్‌ని అతను తన మీద వేసుకోలేడు. డాక్టర్ తనకి తాను ఇంజెక్షన్ ఇచ్చుకోలేడు కాబట్టి ముందు వరసలో నిలబెట్టకండి.

రెండోది లిచ్. అతనికి ప్రాణం పోయడం రాదు, కానీ ఫ్రాస్ట్ నోవా లెవెల్ 1లోనే గట్టిగా తగులుతుంది, తగిలినవాళ్లు నెమ్మదిస్తారు. కాయిల్, నోవా ఒకే యూనిట్ మీద ఒకేసారి పడితే గాయపడ్డ హీరో తప్పించుకోవడం కష్టం. మానా అయిపోతే డార్క్ రిచువల్‌తో మన అస్థిపంజరాన్నే మింగి మానా తెచ్చుకుంటాడు. ఆ అస్థిపంజరాన్ని షాపులో కొన్న రాడ్ ఆఫ్ నెక్రోమాన్సీతో శవం నుంచి లేపొచ్చు. అన్‌డెడ్‌లో ఏదీ వృథా పోదు.

హ్యూమన్‌లో ఆర్చ్‌మేజ్ మొదట. వాటర్ ఎలిమెంటల్ ముందు నిలబడి దెబ్బలు తింటుంది, లెవెల్ పెరిగేకొద్దీ గట్టిపడుతుంది. బ్రిలియన్స్ ఆరాతో మానా త్వరగా నిండుతుంది, తర్వాత ప్రీస్ట్‌లు వచ్చినప్పుడు దాని రుచి తెలుస్తుంది. రెండోవాడు మౌంటెన్ కింగ్. స్టార్మ్ బోల్ట్ మొదటి మెట్టులోనే 100 దెబ్బతో పాటు అవతలివాడిని కదలకుండా చేస్తుంది. లెవెల్ 1లోనే పనికొచ్చేవాడు అంటే ఇతనే. మూడోది పాలడిన్, హోలీ లైట్‌తో వైద్యం. 2005, 2006 వరల్డ్ సైబర్ గేమ్స్ గెలిచిన చైనా ప్లేయర్ స్కై హ్యూమనే ఆడేవాడు, పాత మ్యాచ్‌లు దొరికితే పనివాళ్లని ఎలా వాడతాడో చూడండి.

నైట్ ఎల్ఫ్ గురించి తక్కువే చెప్తాను, నాకు వచ్చిందీ తక్కువే. డీమన్ హంటర్ మానా బర్న్‌తో ఎదుటి హీరో మానా ఊడ్చేస్తాడు, డెత్ నైట్ ఆడే నాలాంటివాళ్లకి అతన్ని చూస్తే కడుపు మండుతుంది. డోటా ఆడినవాళ్లకి అతను యాంటీ మేజ్ రూపంలో తెలిసే ఉంటాడు. కీపర్ ఆఫ్ ద గ్రోవ్ చెట్లని సైనికులుగా లేపి ఆర్చర్లకి ముందు గోడ కడతాడు, సన్నటి సైన్యానికి అది చాలా అవసరం. మొదటిసారి ఆడేవాళ్లకి నా ఓటు కీపర్‌కే.

ఇక ఆర్క్. మా వాడికి నేను ముందే చెప్పాల్సింది ఇది: మొదట ఫార్ సీర్. వెనక నిలబడి ఫెరల్ స్పిరిట్‌తో రెండు తోడేళ్లని పిలుస్తాడు, క్రీప్స్ దెబ్బలు అవి తింటాయి, గ్రంట్లకి గీత పడదు. లెవెల్ 1లో తోడేళ్లు, 2లో చెయిన్ లైట్నింగ్, 3లో మళ్లీ తోడేళ్లు, 4లో లైట్నింగ్, 5లో తోడేళ్లు. కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. రెండోవాడు షాడో హంటర్. హీలింగ్ వేవ్ ఒకరి నుంచి ఇంకొకరికి దూకుతూ గాయాలు మాన్పుతుంది, లెవెల్ 1లోనే ఆ ఏడుగురు గ్రంట్ల లెక్క మారిపోతుంది. మూడోవాడు టారెన్ చీఫ్‌టెన్, వార్ స్టాంప్‌తో చుట్టూ ఉన్నవాళ్లని ఆపుతాడు, ఎండ్యూరెన్స్ ఆరాతో మనవాళ్ల వేగం పెంచుతాడు. బ్లేడ్‌మాస్టర్ లేడేంటి అంటారా? 40, 50 మ్యాచ్‌లు అయ్యాక తెచ్చుకోండి, అప్పుడు సరదాగా ఉంటాడు.

ఎదుటివాడిని చూసి మార్చేది ఏంటి

హీరోల వరస దాదాపు ప్రతి మ్యాచ్‌లో అదే ఉంచండి, మార్చాల్సింది యూనిట్లు. ఇక్కడ దెబ్బ రకానికీ కవచం రకానికీ ఒక పట్టిక ఉంటుంది, మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. మ్యాజిక్ దెబ్బ హెవీ కవచం మీద రెట్టింపు పడుతుంది. గ్రంట్లు, నైట్‌లు, టారెన్లు హెవీయే. పియర్సింగ్, అంటే బాణాలూ ఈటెలూ, లైట్ కవచం మీద రెట్టింపు. గ్రిఫిన్, వైవెర్న్ లాంటి ఎగిరేవి అందులోకి వస్తాయి. కత్తులూ గొడ్డళ్ళ నార్మల్ దెబ్బ మీడియం కవచం మీద ఒకటిన్నర రెట్లు. క్రిప్ట్ ఫీండ్లు, రైఫిల్‌మెన్ మీడియం. ఈ మూడు ముక్కలు తెలిస్తే చాలు, అవతలి సైన్యాన్ని ఒకసారి చూసి ఏం తయారుచేయాలో తేలిపోతుంది. చూడటం మాత్రం మర్చిపోకండి. తమ్ముడి రీప్లేల్లో రెండో దశ దాకా ఒక్కసారి కూడా శత్రువు బేస్‌లో ఏ బిల్డింగులున్నాయో చూసిన దాఖలా లేదు. ఫార్ సీర్ తీసుకోవడంలో ఇంకో లాభం అదే, అతని ఫార్ సైట్ స్కిల్‌తో ఇంట్లో కూర్చునే చూడొచ్చు, అయితే దానికో స్కిల్ పాయింట్ పెట్టాలి.

ఫ్రెండ్‌తో కలిసి 2 వర్సెస్ 2 ఆడితే ఒక చిన్న చిక్కు ఉంది. డెత్ కాయిల్ అన్‌డెడ్ యూనిట్లకి మాత్రమే ప్రాణం పోస్తుంది, పక్కనున్న మీ ఫ్రెండ్ గ్రంట్లకి పనిచేయదు. పాలడిన్ హోలీ లైట్ దానికి తలకిందులు, గ్రంట్లకి పనిచేస్తుంది, మన గూల్స్‌కి పనిచేయదు. ఆరాలు మాత్రం ఇద్దరికీ అందుతాయి. మూన్ వెల్ నీళ్లు కూడా మిత్రులకి పోయొచ్చు. అందుకే నేను అన్‌డెడ్, పక్కవాడు ఎవరైనా, వాళ్ల వైద్యం వాళ్లు తెచ్చుకోవాలని ముందే చెప్పేస్తాను.

చేతి అలవాట్లు కొన్ని. హీరోలని ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3 కీలతో పట్టుకోండి, గుంపులో మౌస్‌తో వెతక్కండి. ఖాళీగా ఉన్న పనివాడు ఎఫ్8. మొదటి హీరోతో పాటు వచ్చే టౌన్ పోర్టల్ స్క్రోల్‌ని మొత్తం సైన్యాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి దాచుకోండి, వాడేస్తే వెంటనే ఇంకోటి కొనండి. హీరో దగ్గర ఉండేవి ఆరు అరలే, అందులో ఒకటి ఎప్పుడూ దానిదే. హీరో ప్రాణం సగానికి వస్తే వెనక్కి లాగండి, ఇంకో దెబ్బ వేసి లాగుదాం అనుకోకండి. ఆడటానికి జనం దొరకట్లేదు అనిపిస్తే డబ్ల్యూ3 ఛాంపియన్స్ అని ప్లేయర్లే నడిపే లాడర్ ఉంది, మీ స్థాయివాళ్లనే జత కలుపుతుంది. గేమ్ మాత్రం కొని ఉండాలి.

ఇదంతా ముందు మా వాడికి ఫోన్‌లో చెప్పాను. మొదట వినలేదు. "నువ్వే కదా బ్లేడ్‌మాస్టర్ అన్నావ్" అన్నాడు. అవున్రా, తప్పు చెప్పాను, ఇంకో ఐదు మ్యాచ్‌లు ఆడు, అవీ పోతే నేనే అన్‌ఇన్‌స్టాల్ చేయమంటా అన్నాను. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. ఫార్ సీర్‌తో మొదటి రెండూ పోయాయి. మూడోది గెలిచాడు, 40 నిమిషాలు పట్టింది, చివర్లో ఇద్దరి దగ్గరా గోల్డ్ లేదు. రీప్లే పంపాడు. చూస్తే ఏడుగురు గ్రంట్లలో నలుగురు మొదటి నుంచి చివరిదాకా బతికే ఉన్నారు.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు: "అన్నా, నైట్ ఎల్ఫ్ చూడటానికి బాగుంది, మారిపోనా?" ఆర్చర్లని వెనక్కి లాగడం ప్రాక్టీస్ చేసి అప్పుడు మారు అని రిప్లై ఇచ్చాను. ఇంకా బ్లూ టిక్ పడలేదు.